పంపరపనస వాసన వెతుక్కుంటూ

అనంతపురంలో నాకు పళ్ళరసాల కొట్టు ఉంది. పాతికేళ్ళుగా దాని మీదే బతుకుతున్నాం. మా నాన్నకు చీనీతోట ఉండేది. బత్తాయిని మా వైపు చీనీ అంటాం. చిన్నప్పటి నుంచీ ఆ తోటలో తిరిగినవాణ్ణి గనక, కాయను ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, లోపల రసం ఎంత ఉందో, తీపి ఏపాటిదో చెప్పేవాణ్ణి. దాని గురించి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మూడేళ్ళ కిందట జ్వరం వచ్చింది. వారానికి తగ్గింది గానీ, పోతూ పోతూ నా ముక్కులోని వాసనలన్నిటినీ పట్టుకుపోయింది. కాఫీ వాసన లేదు, తిరగమోత వాసన లేదు, మురిక్కాలవ వాసన కూడా లేదు. డాక్టరు దగ్గరికి వెళితే రోజూ రెండు పూటలా నిమ్మతొక్క, లవంగం, గులాబీ, యూకలిప్టస్ నూనె ఒకదాని తర్వాత ఒకటి వాసన చూడమన్నాడు. ఎనిమిది నెలలు శ్రద్ధగా చూశాను. నాలుగూ ఒకటే. ఉత్త గాలి.

ఈ సంగతి మా ఆవిడ పద్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పళ్ళరసం అమ్మేవాడికి వాసన తెలియదంటే ఆ కొట్టుకి ఎవరొస్తారు? రోజూ సాయంత్రం సపోటా మిల్క్‌షేక్ తాగి వెళ్ళే ఒక టీచరమ్మ ఉండేది. ఒకనాడు నేనిచ్చిన గ్లాసు అందుకుని, ఒక్క గుక్క తాగి, గ్లాసు మెల్లగా కింద పెట్టి, డబ్బులిచ్చి వెళ్ళిపోయింది. పాలు విరగలేదు గానీ పాడైపోయాయట. నాకు తెలియలేదు. ఆమె మళ్ళీ రాలేదు. ఆ మర్నాటి నుంచి పద్మ తన కుట్టుమిషను మూసేసి కొట్టుకి రావడం మొదలుపెట్టింది. పాలూ పళ్ళూ లోపలికి తీసుకెళ్ళి ఆమెకు చూపించి, ఆమె సరేనన్నాకే నేను మిక్సీ వేసేవాణ్ణి. ఇలా ఎన్నాళ్ళు? పక్కనున్న మొబైల్ దుకాణం అతను మా కొట్టు కూడా తనకిచ్చేయమని అడుగుతున్నాడు. దసరా అయ్యాక చెప్తానన్నాను. ఇచ్చేద్దామనే నా మనసులో ఉంది.

అప్పుడు పద్మ ఒక మాట అంది. ఆమె టీచర్ ట్రైనింగు బాపట్లలో చదివింది. హాస్టల్లో తన గదిలో ఉండే నూర్జహాన్ అనే అమ్మాయి పంపరపనసకాయ ఒలిస్తే వరండా చివరి గదిలోవాళ్ళు కూడా లేచి వచ్చేవారట.

"ఏ వాసనా తెలియని ముక్కుకి కూడా అది తెలుస్తుందండీ. కొట్టు సంగతి తర్వాత. నూర్జహాన్ ఇప్పుడు చీరాలలో ఉంది. ముందు నాతో అక్కడికి రండి" అంది.

మా ఊళ్ళో పంపరపనస దొరకడం అరుదు. ఒకసారి ఎక్కణ్ణుంచో అరడజను కాయలు వస్తే చీనీ పిండినట్టే పిండాను. చేదు. మొత్తం పారబోశాను. అంత మాత్రపు కాయ కోసం అంత దూరమా అనిపించింది గానీ, ఆమె మొహం చూసి కాదనలేకపోయాను.

సింగరాయకొండ

చీరాల వెళ్ళే దారిలో ఇక్కడ దిగేసరికి పొద్దెక్కింది. వానలు ఇంకా పూర్తిగా వదలని రోజులు. కొండ మీద నరసింహస్వామిని చూసుకుని కిందికి వచ్చేసరికి, రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని ఒక పెద్దావిడ పంపరపనసలు అమ్ముతోంది. పేరు రమణమ్మ. అరవై దాటి ఉంటాయి. చుట్టుపక్కల పల్లెల్లో పెరటి చెట్ల కాయలు బేరమాడి తెచ్చుకుంటుందట. మామూలు కాయ అరవై, పెద్దది ఎనభై. మా ఊళ్ళో ఆ డబ్బుకి చీనీ సంచీడు వస్తుంది. అయితే మా దగ్గర కాయల్ని టన్నుల లెక్కన తూచి లారీలకెత్తుతారు. ఇక్కడ కొనేవాళ్ళు ఒక్కో కాయనీ రెండు చేతుల్లోకి తీసుకుని, తిప్పి, తట్టి, ఓ మాట మాట్లాడి మరీ కొంటున్నారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

నేను కుప్పలోకల్లా పెద్దది, నిగనిగలాడుతున్నది ఒకటి తీసి, పాత అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన పోయినా ఆ అలవాటు పోలేదు. కొట్లో జనం ముందు మూడేళ్ళుగా అదే నటిస్తున్నాను కదా. రమణమ్మ నన్నే చూస్తోంది.

"ఏ ఊరండీ మీది?"

అనంతపురం అన్నాను. చీనీకాయల వ్యాపారం అని కూడా చెప్పాను, కొంచెం గొప్పగానే.

"అయితే మీకు తెలియందేముంది" అని, వెనకనుంచి ఇంకో కాయ తీసి ఇచ్చింది. "ఇది చూసి చెప్పండి."

కాయను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గుండెనిండా గాలి పీల్చి, "బాగుందమ్మా, తీపి కాయ" అన్నాను.

కళ్ళు తెరిచేసరికి పద్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది. రమణమ్మ నా చేతిలోంచి కాయ తీసుకుని అడుగు పైకి తిప్పింది. అక్కడ రెండు వేళ్ళ మేర కుళ్ళి, తడిగా నల్లబడి ఉంది. పారేయడానికి పక్కన పెట్టిన కాయ అది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాయను వెనక బుట్టలో పడేసి, చెయ్యి తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్నాళ్ళయిందయ్యా?"

నేను పద్మ వైపు చూశాను. పద్మే చెప్పింది, మూడేళ్ళని.

"పంపరకాయకి వాసన చూస్తుంటేనే అనుమానమొచ్చింది" అంది రమణమ్మ. "ఇంత మందాన తొక్కుంటే లోపలి సంగతి ఏ ముక్కుకి తెలుస్తుంది? దీన్ని చేతుల్తో చూసుకోవాల. చేతులు చాపండి."

చాపాను. ఒకే సైజు కాయలు రెండు చెరో చేతిలో పెట్టింది. ఏది బరువో చెప్పమంది. కుడిచేతిది అన్నాను. తప్పు. కళ్ళతో చూస్తూ చెప్తే అలాగే ఉంటుందని, కళ్ళు మూసుకోమంది. మళ్ళీ తప్పు. నాలుగుసార్లు తప్పాక అయిదోసారి నిజంగానే ఎడమచెయ్యి కొంచెం కిందికి లాగినట్టయింది. అదీ అంది. సైజు ఒకటే అయినప్పుడు బరువున్న దాంట్లో రసం ఉంటుంది, తేలికైన దాంట్లో బెండు. తర్వాత తొక్క. నిగనిగలాడేది నిన్న మొన్న కోసినది. కోశాక వారం పది రోజులు పడి ఉండి, మెరుపు పోయి, తొక్క కాస్త వడిలినట్టున్నదే తియ్యగా ఉంటుంది. ముచ్చిక దగ్గర మెడ పొడుగ్గా సాగిన కాయకి తొక్క మందం. అడుగు వెడల్పుగా ఉండాలి. బొటనవేలితో అడుగున నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి.

అరగంట సేపు, వచ్చిన బేరాలు చూసుకుంటూనే, నా చేతుల్లో కాయలు మార్చి మార్చి పెట్టింది. చివర్లో నేను మొదట ఎంచుకున్న నిగనిగల కాయను కత్తితో రెండుగా కోసి చూపించింది. చుట్టూ రెండు వేళ్ళ మందాన తెల్లటి బెండు. నడుమ తొనల ముద్ద మా చీనీకాయంత. పద్మకి నవ్వాగలేదు. నాక్కూడా నవ్వొచ్చింది. ఆ కాయకి డబ్బులివ్వబోతే, కోసింది తనే గదా అని తీసుకోలేదు.

నేను ఎంచిన కాయలు నాలుగు కొన్నాం. రమణమ్మ వాటిని ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఒకటి మార్చి, మూడు ఉంచింది. పాతికేళ్ళుగా పళ్ళతోనే బతికినవాణ్ణి, నూటికి డెబ్బై అయిదు మార్కులు వచ్చినందుకు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

చీరాల

చీరాల వీధుల్లో ఎటు వెళ్ళినా మగ్గాల చప్పుడే. మాట్లాడుకునేవాళ్ళు ఆ చప్పుడుకి తగ్గట్టు గొంతు పెంచుకుంటారు. నూర్జహాన్ వాళ్ళది ముందు చీరల కొట్టు, వెనక ఇల్లు. ఆమె భర్త సుభానీ గారు మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు తీసుకుని అమ్ముతారు. స్నేహితురాళ్ళిద్దరూ ఫోన్లలో మాట్లాడుకోవడమే గానీ, కలిసి ఇరవై ఏళ్ళయిందట. గుమ్మంలో ఒకరి చేతులు ఒకరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నూర్జహాన్ నా చేతిలోని సంచీ చూసి, "ఏమే పద్మా, అన్నయ్యతో ఇంత బరువు మోయించావా" అంది.

పలావు, దాల్చా, గోంగూర మాంసం వండింది. పద్మ ప్రతి ముద్దకీ ఆహా అంటోంది. నాకు గోంగూరంటే పులుపు, మాంసమంటే మెత్తదనం, పలావంటే ఉప్పు. మూడేళ్ళుగా నా భోజనం అంతే. బాగుందమ్మా అన్నాను. ఆ మాటా నాకు అలవాటైపోయింది.

భోజనాలయ్యాక చాప పరిచి, బేసిన్ పెట్టి, కాయలు బయటికి తీశాం. ఒలవడం నా వృత్తి కదా, నేను చేస్తానని కత్తి తీసుకున్నాను. చీనీ కోసినట్టు అడ్డంగా కోసి, బొటనవేలు లోపలికి దూర్చి లాగాను. తొక్కలోని నూనె చిమ్మి సూటిగా కంట్లో పడింది. రసం పంచె మీద కారింది. నేను కళ్ళ నీళ్ళు కార్చుకుంటూ ఉంటే నూర్జహాన్ తడిగుడ్డ తెచ్చి ఇచ్చింది.

"ఇది పిండే కాయ కాదన్నయ్యా, ఒలిచే కాయ. తొందర పడకూడదు" అని ఇంకో కాయ అందుకుంది.

ఆమె ఒలిచిన తీరు నేనింకా మర్చిపోలేదు. ముందు ముచ్చిక దగ్గర టోపీలా చిన్న ముక్క కోసి తీసేసింది. ఆ పైనుంచి అడుగు దాకా కత్తి మొనతో గీతలు పెట్టింది. లోపలి తొనకు తగలకుండా తొక్క మందం వరకే. ఎనిమిది గీతలు. తర్వాత కత్తి పక్కన పెట్టేసింది. బొటనవేళ్ళు తొక్కకీ కాయకీ మధ్యకి మెల్లగా పోనిచ్చి, ఒక్కో చెక్కనూ బయటికి వంచుతూ పోయింది. అడుగున ఎక్కడా తెగలేదు. తామరపువ్వు విచ్చుకున్నట్టు తొక్క చాప మీద పరుచుకుంది, నడుమ తొనల గుండు. దాని మీది తెల్లటి బెండును గోళ్ళతో ఓపిగ్గా గీకి తీసింది. గుండును రెండు చేతుల్తో పట్టుకుని రెండుగా విడదీసింది. తొన తీసి, వీపు వైపు కాకుండా సన్నటి అంచు వైపు పొరను గోటితో చీల్చి, రెండు పక్కలకీ తెరిచి, లోపలి గులాబీరంగు కండను చిదరకుండా పళ్ళెంలోకి తీసింది. ఆ పొరలోనే చేదంతా ఉంటుందట. దాన్ని మిక్సీలో వేసి తిప్పినందుకే ఆ రోజు నా రసం అంత చేదుగా వచ్చింది. కాయ మొత్తం అయ్యేసరికి ఆమె వేళ్ళు పొడిగా ఉన్నాయి. ఒక్క బొట్టు కారలేదు.

ఉప్పూ, ఎర్రటి కారప్పొడీ కలిపి పైన చల్లింది. ఈ నేల కారం గురించి వినడమే గానీ తినడం అదే మొదలు. తొన నోట్లో పెట్టుకున్నాను. ముందు కారం చురుక్కుమంది. కొరికితే లోపలి ముత్యాలు ఒక్కొక్కటే టప్ టప్‌మని చిట్లి చల్లగా రసం వచ్చింది. తీపి, వెంటనే పులుపు. మింగాక నాలుక చివర సన్నగా చేదు. అన్నీ వేరువేరుగా తెలిశాయి. మూడేళ్ళలో ఆకలికి కాకుండా ఇష్టంగా తిన్నది అదే. ఒక కాయ మొత్తం నేనే తినేశాను.

అప్పుడు పద్మ ఆశగా ఒక తొక్క చెక్క తీసి నా ముక్కు దగ్గర వంచింది. నూనె తుంపర ముక్కులో చల్లగా తగిలింది. అంతే. వాసన లేదు. మళ్ళీ వంచింది. లేదన్నట్టు తల ఊపాను. ఆమె ఆ చెక్కను బేసిన్‌లో వేసి, గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నూర్జహాన్ నా మొహం చూసి, లేచి ఆమె వెనక వెళ్ళింది. లోపలనుంచి చాలాసేపు మాటలు వినపడ్డాయి. చెప్పేసిందని అర్థమైంది.

నేను కొట్లోకి వచ్చి సుభానీ గారి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఒకావిడ వచ్చి, ఆకుపచ్చ చీరకి ఎర్రంచు ఉన్నవి చూపించమంది. సుభానీ గారు కూర్చున్నచోటి నుంచి లేవకుండానే ఒక అర చూపించారు.

"అక్కడ ఉంటాయమ్మా. ఆకుపచ్చేదో ఎరుపేదో నా కళ్ళకి తెలియదు, మీరే చూసి తియ్యండి. నేత సంగతి మాత్రం నన్నడగండి."

ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. తనే నాలుగు చీరలు తీసి ముందు పెట్టింది. ఆయన ఒక్కోదాన్ని వేళ్ళ మధ్య నలిపి, ఇది ఉతికితే బిగుస్తుందమ్మా, ఇది సాగుతుంది, ఇదయితే పదేళ్ళు కడతారు అని చెప్పుకుపోయారు. ఆవిడ మూడోది తీసుకుని వెళ్ళింది.

నేను ఆగలేక అడిగాను, రంగులు తెలియకుండా చీరల వ్యాపారం ఎలాగని. పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదట. మొదట్లో దాచేవారు. నూర్జహాన్ ప్రతి అరలోనూ రంగుల పేర్లు చీటీల మీద రాసి అంటించేది. ఒకసారి చీటీలు తారుమారై, పెళ్ళికూతురికి ఎర్రచీర కావాలని వచ్చిన పెద్దాయన చేతిలో ఆకుపచ్చది పెట్టి, మంచి ఎరుపండీ అన్నారట. ఆయన వింతగా చూసేసరికి నిజం చెప్పక తప్పలేదు. ఆ పెద్దాయన తిట్టలేదు. గంటసేపు కూర్చుని అరల్లో చీరలన్నీ రంగుల వారీగా తనే సర్ది వెళ్ళాడట.

"దాచినన్నాళ్ళూ గుమ్మంలోకి ఎవరొచ్చినా గుండె దడే అండి" అన్నారు సుభానీ గారు. "చెప్పేశాక అది పోయింది."

"బేరాలు పోలేదా?"

"కొందరు పోయారు. పోలేదని అబద్ధమెందుకు? ఉన్నవాళ్ళు మాత్రం ఉండిపోయారు."

నా సంగతి ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కానీ ఆ సాయంత్రమంతా ఆయన వేళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాను.

పర్చూరు దారి

మర్నాడు సుభానీ గారు మమ్మల్ని చిలకలూరిపేట వైపు పంపారు. అక్కడ తనకి తెలిసిన రైతు వెంకటప్పయ్య గారి పొలంలో రెండు పంపరపనస చెట్లున్నాయి, చెట్టు మీంచి అప్పుడే దింపిన కాయ తొక్క ఘాటే వేరు, ఇంత దూరం వచ్చారు కదా, అదీ చూసి వెళ్ళండి అన్నారు. నాకు ఆశ లేదు. పద్మ మాత్రం అప్పటికే సంచీ సర్దేసింది.

పర్చూరు దాటాక రెండు వైపులా నల్లరేగడి. పత్తి చేలల్లో పువ్వులూ కాయలూ కలిసి ఉన్నాయి. అక్కడక్కడా పగిలిన కాయలోంచి దూది తెల్లగా తొంగి చూస్తోంది. మిరప తోటలు మోకాలెత్తున పచ్చగా ఉన్నాయి. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉంటాయని ఊహించుకుని వచ్చాను. ఆ మాటంటే బస్సులో పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ, అవి చూడాలంటే మాఘమాసంలో రావాలి, అప్పుడొస్తే తుమ్ములతో ఊరు దాటలేవు అంది. నాకు తుమ్ములు కూడా వస్తాయో రావో అనుకున్నాను.

మా ఊళ్ళో వాన పడితే అరగంటలో నేల ఆరిపోతుంది. ఇక్కడి నేల సంగతి దిగాక తెలిసింది. పొలం గట్టు మీద నాలుగు అడుగులు వేశానో లేదో, కుడిచెప్పు బురదలో ఉండిపోయి కాలు మాత్రం పైకొచ్చింది. లాగితే ఉంగటం తెగింది. పద్మ ముందే చెప్పులు చేత్తో పట్టుకుంది. రెండు కాళ్ళకీ చెరో కిలో మట్టి అంటించుకుని నడిచాం.

చిలకలూరిపేట అవతల

వెంకటప్పయ్య గారిది పెద్ద గొంతు. అర మైలు దూరం నుంచే, "ఆ గట్టు కాదండీ, ఈ గట్టు" అని కేకేసి దారి చూపించారు. పత్తికీ మిరపకీ మధ్య మోటారు గది, దాని పక్కన రెండు చెట్లు. కొమ్మలు కాయల బరువుకి వంగి, కొన్ని కాయలు నేలకు జానెడు ఎత్తులో వేలాడుతున్నాయి. వాటికి కింద గడ్డి పరిచి ఉంది. మందులు కొట్టేటప్పుడు వీటి మీద పడకుండా గాలివాటం చూసుకుని కొడతానని చెప్పారు. ఈ కాయలు అమ్మరట. వచ్చినవాళ్ళకీ, పత్తి తీతకి వచ్చే ఆడవాళ్ళకీ ఇస్తారు. ఎర్రటి ఎండలో పత్తి తీస్తూ మధ్యలో ఒక తొన తింటే గంటసేపు దాహం వెయ్యదట.

కావలసినవి కోసుకోమన్నారు. నేను చెట్టు చుట్టూ తిరిగి, కాయ కింద అరచెయ్యి పెట్టి ఎత్తి చూస్తూ, బొటనవేలితో అడుగున నొక్కుతూ, మూడు కాయలు కోశాను. ఆయన ఒకదాన్ని కొడవలితో చీల్చి చూసి, "పనిమంతుడే" అన్నారు పద్మతో. ఆమె ఎంత సంతోషపడిందో!

మోటారు గది అరుగు మీద కూర్చుని ఒలిచాను. గీతలు పెట్టి, తొందరపడకుండా, నూర్జహాన్‌లా కాకపోయినా తొక్క ఎక్కువ తెగకుండానే విప్పాను. వెంకటప్పయ్య గారు ఒక చెక్క తీసి, "ఈ ఘాటు చూడండి, తలనొప్పి ఎగిరిపోద్ది" అని నా మొహం మీదికి వంచారు.

బాగుందండీ అని నోటి చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆ మాట అనలేకపోయాను.

"నాకు వాసన తెలియదండీ. మూడేళ్ళయింది" అన్నాను.

బయటివాళ్ళకు నా నోటితో చెప్పడం అదే మొదటిసారి. ఆయన, అయ్యో అన్నారంతే. చెయ్యి వెనక్కి తీసుకోబోయి, తీసుకోవాలో వద్దో తెలియక అలాగే పట్టుకున్నారు.

అంతలో నాకు ఏదో కాలుతున్నట్టనిపించింది. అటూ ఇటూ చూశాను. వెనకే మోటారు గది. లోపల మోటారు తిరుగుతోంది.

"వైరేదో కాలుతున్నట్టుంది, చూడండి" అన్నాను.

వెంకటప్పయ్య గారు చెక్క కింద పడేసి, ఒక్క ఉదుటున లోపలికి వెళ్ళి స్విచ్ కట్టేశారు. మోటారు తడిమారు, ఫ్యూజులు చూశారు, వైరు పొడుగునా చెయ్యి పెట్టి చూశారు. ఎక్కడా ఏమీ లేదు. అంతా చల్లగానే ఉందండీ అని బయటికి వచ్చారు.

పద్మ మాత్రం అరుగు మీంచి కదల్లేదు. నన్నే చూస్తోంది.

"మీకెలా తెలిసింది?" అంది.

"ఏంటి?"

"కాలుతోందని మీకెలా తెలిసింది?"

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. ఆమె కిందపడ్డ చెక్క తీసి, తుడిచి, నా ముక్కు దగ్గర వంచింది. కాలిన రబ్బరు. ముక్కు ముడుచుకునేంత కంపు. చెక్క దూరంగా తీసుకెళ్ళింది. కంపు పోయింది. మళ్ళీ దగ్గరికి తెచ్చింది. మళ్ళీ అదే రబ్బరు. నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ కళ్ళు మూసుకునే, ఇప్పుడుంది, ఇప్పుడు లేదు అని చెప్పాను. ఒక్కసారీ తప్పలేదు.

ఆమెకు అంత పరిమళంగా ఉన్న తొక్క నాకు టైరు కాలుస్తున్నట్టుంది. అయినా ఇద్దరం ఆ అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాం, ఏడుస్తున్నాం. వెంకటప్పయ్య గారికి మొదట ఏమీ అర్థం కాలేదు. పద్మ చెప్పాక ఆయన కూడా వచ్చి పక్కన కూర్చుని, తొక్కలన్నీ ఏరి మా ముందు కుప్ప పోశారు.

అక్కణ్ణుంచే డాక్టరుకు ఫోను చేశాం. తప్పు వాసనలు రావడం కొందరిలో బాగుపడటానికి మొదలట. అందరికీ పూర్తిగా రాదు, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను అన్నాడు. అంత మాట చాలనిపించింది. పేటలో బస్సెక్కే ముందు కొత్త చెప్పులు కొనుక్కున్నాను. ఎదురుగా పత్తి మిల్లులోంచి లారీ ఒకటి దూది రేణువులు రాల్చుకుంటూ వెళ్ళింది. పద్మ జుట్టు మీద పడ్డ రేణువులు తీస్తూ ఉంటే, ఈ మూడు రోజుల్లో మాకు ఎదురైన మనుషులందరూ గుర్తొచ్చారు. ఎవరికీ మాతో పని లేదు. అయినా ఒక్కొక్కరూ తమ పని ఆపుకుని మా కోసం కూర్చున్నారు.

తిరిగొచ్చాక

ఇది రాసేసరికి మేం వచ్చి నాలుగు నెలలు. కొట్టు ఇవ్వనని మొబైల్ దుకాణం అతనికి చెప్పేశాను. పద్మ మధ్యాహ్నం దాకా ఇంట్లో మిషను కుట్టుకుని, తర్వాత కొట్టుకి వస్తోంది. కాఫీ వాసన తెలుస్తోంది గానీ మాడిన అన్నంలా ఉంటుంది. ఉల్లిపాయ దగ్గరికి వెళ్ళలేకపోతున్నాను. చీనీ వాసన ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు.

వచ్చిన మర్నాడే కొట్లో చెప్పేయాలనుకున్నాను. నాలుగు రోజులు రేపు, రేపనుకుంటూ గడిపాను. అయిదో రోజు, దారిలో కొన్న పంపరపనసలు ఒలిచి ఉప్పూకారం చల్లి ప్లేట్లలో పెట్టాను. స్టాండులో ఆటో నడిపే ఒకతను వచ్చి, ఏం కాయన్నా ఇది అని అడిగాడు. చెప్పాను. తర్వాత ఇది కూడా చెప్పాను: నాకు వాసన సరిగ్గా తెలియదు, పద్మ చూసే పెడుతుంది, అయినా నువ్వొకసారి చూసి తిను.

అతను ప్లేటు అందుకున్నాడు. టీచరమ్మలాగే కింద పెట్టేసి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. అతను ఒక తొన ముక్కు దగ్గర పెట్టుకుని, చాలా శ్రద్ధగా, పరీక్ష రాస్తున్నవాడిలా వాసన చూశాడు.

"చీనీ మాదిరి లేదన్నా. నిమ్మకాయ మాదిరీ లేదు" అన్నాడు. మళ్ళీ చూశాడు. "కొత్త సబ్బు కాగితం విప్పితే వస్తాదే, ఆ మాదిరి. కాదు, దానికంటే మెత్తగా ఉండాది. ఉండన్నా, ఇంకొకటి చూసి చెప్తా."

అతను రెండో తొన అందుకున్నాడు. నేను స్టూలు దగ్గరికి జరుపుకుని, చెప్పమన్నాను.